సమస్యాపూరణం: “వలదు పొమ్మన్న వానినే వలచె నింతి”

మాస్టారు (నిర్వహణ):

పోయిన వారం సత్యభామ మీద పద్యాలు కురిపించారు. అలిగే నాయిక అంటే మనవాళ్ళకి కొట్టిన పిండి కదా. ఈసారి కాస్త దూరం పోదాం. నాయిక ఎలిజబెత్ బెన్నెట్, ముద్దుగా లిజ్జీ. జేన్ ఆస్టెన్ రాసిన ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’లోది. 1813 జనవరి 28న మూడు సంపుటాలుగా వచ్చిన ఆ నవల మీద రచయిత్రి పేరు కూడా వేయలేదు. ఇవాళ ఆ పేరు తెలియని ఇంగ్లీషు పాఠకుడు ఉండడు.

చదవని వాళ్ళ కోసం రెండు ముక్కలు. ఊరు హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో లాంగ్‌బోర్న్. ఇంట్లో ఐదుగురు ఆడపిల్లలు, మగపిల్లాడు లేడు. ఏటా రెండువేల పౌన్లు వచ్చే భూమి తండ్రి తరవాత కాలిన్స్ అనే దూరపు చుట్టానికి పోతుంది. తల్లికి పొద్దస్తమానం పెళ్ళిళ్ళ టెన్షనే. రెండో పిల్ల లిజ్జీకి ఇరవై ఏళ్ళు, నాలుక పదును. డార్సీ అనే గొప్పింటివాడు పెళ్ళాడమని అడిగితే మొహం మీదే కాదని చెప్పి, చివరికి అతన్నే చేసుకుంటుంది.

సమస్య ఇదీ, తేటగీతి చివరి పాదం. ముందు మూడు పాదాలు మీరు పూరించాలి:

*వలదు పొమ్మన్న వానినే వలచె నింతి*

ఒక సూర్యగణం, రెండు ఇంద్రగణాలు, రెండు సూర్యగణాలు. యతి, అంటే పాదం మొదటి అక్షరంతో పొత్తు, నాలుగో గణం మొదటి అక్షరానికి. కానివ్వండి.

వానకోయిల:

మాస్టారూ, బోణీ నాది.

*గర్వి వీడని తలచిన కలికి తుదకు*
*జాబు చేతికి నందగా చదివి చదివి*
*తప్పు తనదంచు దెలిసిన తరుణమందు*
*వలదు పొమ్మన్న వానినే వలచె నింతి*

మాస్టారు:

శుభారంభం. ‘చదివి చదివి’ బాగా పడింది. కాదన్నాక డార్సీ రాసిచ్చిన ఆ ఉత్తరాన్ని లిజ్జీ ఒక్కసారి చదివి ఊరుకోలేదు. కోపంతో ఒకసారి, నమ్మలేక ఒకసారి, మడిచి మళ్ళీ విప్పి ఒక్కో వాక్యం తూచి మరోసారి చదివింది. ఇన్నాళ్ళూ తనెవరో తనకే తెలియదని అక్కడ ఒప్పుకుంటుంది. నవలకి ఇరుసు అదే.

ఒక చిక్కుంది. మొదటి పాదంలో ‘కలికి’, చివర ‘ఇంతి’. ఒకే పనికి ఇద్దరు కర్తలు నిలబడ్డారు. కలికిని పంపించేసి ఇలా చూడండి:

*గర్వి వీడని తలచిన కనులతోడ*

గ–క యతి అలాగే ఉంది. పాత కళ్ళతోనే చదవడం మొదలుపెట్టిందన్న అర్థం కూడా వచ్చింది.

వానకోయిల: మీరు మార్చాక నా పద్యం నాకే నచ్చుతోంది. అలాగే ఉంచుతాను.

ఆవకాయ:

డార్సీ రాబడి, ఏట పదివేలు మాట ఎవరూ ఎత్తరేం?

*ఏట పదివేలు వచ్చెడి యిల్లు జూచి*
*వాని పెంబర్లి తోటలో వాగు దాటి*
*మనసు మారెను గాబోలు మగువ కపుడు*
*వలదు పొమ్మన్న వానినే వలచె నింతి*

తెల్లకాగితం:

నవ్వొచ్చింది అన్నా, కాదనను. కానీ ఇది లిజ్జీ మీద నింద. డార్సీకి ఏటా పదివేలని పక్కూరు మెరిటన్ నాట్యంలో అడుగుపెట్టిన ఐదు నిమిషాల్లోనే హాలంతా గుప్పుమంది. ఆ లెక్క చెవిన పడ్డాకే కదా తను అతన్ని కాదన్నది! డబ్బుకే పడే మనిషైతే హన్స్‌ఫర్డ్‌లో డార్సీ పెళ్ళికి అడిగిన పూటే తల ఊపేది.

ఆవకాయ:

మరి ప్రేమ ఎప్పుడు మొదలైందే అని అక్క జేన్ అడిగితే, డార్సీ ఎస్టేటు పెంబర్లీలో తోటలు చూసినప్పటి నుంచే అని లిజ్జీయే కదా చెప్పింది!

తెల్లకాగితం:

చెప్పింది, అక్కని ఏడిపించడానికి. వెంటనే జేన్ ‘నిజం చెప్పవే’ అని బతిమాలింది కూడా. అదే మాట లిజ్జీ నోట వస్తే పరాచికం. ‘గాబోలు’ తగిలించి మీరంటే పక్కింటావిడ మాటైంది.

మాస్టారు:

పెంబర్లీలో ఆమెని కదిలించింది భవనం ఒక్కటే కాదు, ఇల్లు చూసుకునే పెద్దావిడ మాటలు. నాలుగేళ్ళ వయసు నుంచీ ఎరుగుదును, ఒక్కనాడూ నన్ను కసరలేదు అని యజమాని గురించి ఆమె చెబుతుంది. పనిమనుషుల మెప్పు కంటే విలువైన మెప్పేముంటుంది అని లిజ్జీ అనుకుంటుంది. ఆవకాయగారూ, వాగు బదులు ఆవిణ్ణి పద్యంలోకి తెస్తే మీకు తిరుగుండేది కాదు. గణయతులు మాత్రం శుద్ధంగా ఉన్నాయి.

కొత్తబియ్యం:

మాస్టారూ, తేటగీతి రాయడం ఇదే మొదలు. తప్పులుంటే చెప్పండి, ఏమీ అనుకోను.

*అక్క జబ్బని మూడు మైళ్ళు నడిచి*
*బురద యంటిన గౌనుతో పోయి చేరి*
*నవ్వు వారల నడుమను నవ్వి నిలిచి*
*వలదు పొమ్మన్న వానినే వలచె నింతి*

మాస్టారు:

రండి రండి. రెండో పాదం చూశారా! బు–పో యతి చాలామందికి తట్టదు, మీకు తొలి పద్యంలోనే తట్టింది.

మొదటి పాదం విడగొడదాం: అక్క, జబ్బని, మూడుమై, ళ్ళునడి... ఇక మిగిలింది ‘చి’ ఒక్కటే. చివరి గణం పూర్తి కాలేదు. యతి కూడా లేదు. ఇలా తిప్పండి:

*అక్క జబ్బని మైళ్ళు మూడలయకుండ*

మూడు + అలయ. నాలుగో గణంలో పైకి కనిపించేది ‘డ’, దాని లోపల దాగింది ‘అ’. సంధిలో కలిసిన అచ్చుకి యతి చెల్లుతుంది. కాబట్టి అ–అ.

ఇక అసలు పేచీ. మీ మూడు పాదాలకీ నా నాలుగో పాదానికీ పొత్తు కుదరలేదు. ఆరంగుళాల మేర బురదైన లంగా చూసి, అక్క జబ్బుపడి ఉన్న నెదర్‌ఫీల్డ్ ఆడవాళ్ళు మూతులు తిప్పారు, నిజమే. కానీ ఆ నడకకి మెరిసిన కళ్ళు చూసి మనసు కదిలింది డార్సీకి. లిజ్జీకి అప్పటికి అతనంటే ఒళ్ళుమంట.

చలిమిడి:

అయితే నాలుగో పాదాన్నే తిరగేస్తే సరి:

*వలదు పొమ్మన్న దానినే వలచె నతడు*

కొత్తబియ్యంగారి పద్యం ఇప్పుడు అతికింది కదా?

మాస్టారు: అతికింది! సమస్యనే మార్చేశారు కాబట్టి మార్కులు లేవు. చప్పట్లు ఉన్నాయి.

చలిమిడి:

చప్పట్లు ఎలాగూ వచ్చాయి కాబట్టి ఒక సందేహం. ‘పొమ్మన్న వాడు’ అంటే ఎవరు మాస్టారూ? ఆమె చేత పొమ్మనిపించుకున్నవాడని మీరు అనుకుని ఇచ్చారు. నాకు మాత్రం పొమ్మని అన్నవాడనే వినిపిస్తోంది. ‘కొట్టినవాడు’ అంటే నన్ను కొట్టినవాడు కావచ్చు, నేను కొట్టినవాడూ కావచ్చు. కర్త ఎవరో మన భాష చెప్పదు. కథ చూస్తే ముందు వలదన్నది డార్సీయే. మెరిటన్‌లో ఆమెతో ఆడమని స్నేహితుడు బింగ్లీ అడిగితే, పర్వాలేదు గానీ నన్ను లాగేంత అందమేం లేదు అని ఆమెకి వినపడేలా అన్నాడు. అందుకని:

*అందగత్తెయె కాదని యాటలోన*
*చెవిని బడునట్లు పలికిన చిన్న మాట*
*నవ్వులాటగ జెప్పియు నలుగురికిని*
*వలదు పొమ్మన్న వానినే వలచె నింతి*

మాస్టారు:

నేను తవ్విన గుంటలో నన్నే పడేశారు. ఈ అర్థం నాకు తట్టనే లేదు. ఇంకెవరైనా అయితే ఆ మాటకి ఇంటికెళ్ళి దిండులో మొహం దాచుకునేది. లిజ్జీ దాన్ని కథగా మార్చి స్నేహితురాళ్ళ మధ్య చెప్పి నవ్వించింది. ‘జెప్పియు’లోని ఆ ‘యు’ పద్యమంతా మోస్తోంది. నవ్వేసినా ఆ మాట లోపల ఎక్కడో ముల్లులా ఉండిపోయింది కదా. విక్‌హామ్ అనే పటాలం ఆఫీసరు డార్సీ మీద చెప్పిన చాడీలన్నీ అంత తేలిగ్గా ఎందుకు నమ్మిందంటే అందుకే.

తుంగభద్ర:

పొమ్మనిపించుకున్నవాళ్ళు ఇంకొకరు కూడా ఉన్నారు. పాస్టరు కాలిన్స్‌గారిని, ఆయన్ని చేసుకున్న లిజ్జీ స్నేహితురాలు షార్లట్‌ని మరిచిపోయారా?

*కాదు కాదని లిజ్జియే కసిరి పంప*
*మూడు నాళ్ళకె షార్లటు ముందు కరిగి*
*ఇల్లు గావలె నాకంచు నిచ్చగించి*
*వలదు పొమ్మన్న వానినే వలచె నింతి*

తెల్లకాగితం:

భలే! ‘ఇంతి’నే మార్చేశారు. రెండు అభ్యంతరాలు మాత్రం చెప్పాలి. ఒకటి, లిజ్జీ కసరలేదు. ఎంత మర్యాదగా కాదన్నా, ఆడవాళ్ళు మొదట అలాగే అంటారులే అని ఆయన వదల్లేదు. చివరికి మాట్లాడకుండా గదిలోంచి వెళ్ళిపోయింది. ‘కదలి పోవ’ అంటే గణం చెడదు, నిజమూ నిలుస్తుంది.

రెండోది పెద్దది. షార్లట్ వలచిందా? ఇరవై ఏడేళ్ళు, కట్నం లేదు, నాకేమీ వలపులూ కలలూ లేవు, కుదురైన ఇల్లుంటే చాలు అని తనే చెప్పింది. మీరు కూడా మూడో పాదంలో ‘ఇల్లు గావలె’ అనే రాశారు. మరి నాలుగో పాదంలో వలపు ఎలా వచ్చింది?

తుంగభద్ర:

వలచింది ఇంటిని తల్లీ! ‘కదలి పోవ’ తీసుకుంటాను. వలపు దగ్గర నా చేయి చిక్కిందని ఒప్పుకుంటాను. ‘వరించె’ అంటే అర్థం కుదిరేది, సమస్య చెడేది.

మాస్టారు: షార్లట్ పని తప్పని లిజ్జీ అనుకుంది, మనకీ అలాగే అనిపిస్తుంది. కానీ ఆ కాలంలో ఆస్తి లేని ఆడపిల్లకి ఇంకో దారి ఉందా అని రచయిత్రి మనల్నే అడిగి వదిలేస్తుంది. పూరణ పూర్తిగా నిలవకపోయినా షార్లట్‌ని సభకి తెచ్చినందుకు సంతోషం.

వానకోయిల:

ఒక చిన్న సంగతి కనిపెట్టాను. ఎలిజ–బెత్తు: మూడు లఘువులు, ఒక గలం (గురువు, లఘువు). తేటగీతి పాదం చివరికి కొలత తీసి కుట్టించినట్టు రెండు సూర్యగణాలు! *ఇంత మాటన్న వానినే యెలిజబెత్తు...* ఆస్టెన్‌గారికి మన ఛందస్సు తెలుసేమో.

ఆవకాయ: ‘డార్సి’ అని కుదిస్తే అతనూ గలమే. జాతకాలు కలిశాయి.

తెల్లకాగితం:

మూడో ‘వలదు’ నాది. డార్సీ తల్లి తోబుట్టువు లేడీ కాథరిన్, అతన్ని చేసుకోనని మాట తీసుకోవడానికి బండి కట్టుకుని మరీ లాంగ్‌బోర్న్‌కి వచ్చిన ఘట్టం.

*మేటి చుట్టము కొఱకునై మీదికొచ్చి*
*మాట యిమ్మని గద్దింప మాటవినక*
*దొరల బిడ్డను నేనని తొణక కుండ*
*వలదు పొమ్మన్న వానినే వలచె నింతి*

మాస్టారు:

‘మీదికొచ్చి’ వాడుకమాట, పద్యంలో పంటికింద రాయిలా తగిలింది. ‘మీదికురికి’ అంటే మే–మీ యతికి ఢోకా లేదు, ఆవిడ స్వభావమూ వస్తుంది. తక్కినదంతా బంగారం. అతను పెద్దమనిషి, నేను పెద్దమనిషి కూతుర్ని, అక్కడికి ఇద్దరం సమానమే అని లిజ్జీ అన్నదాన్ని ఒక్క పాదంలో ఇమిడ్చారు. దొ–తొ యతి వినసొంపుగా ఉంది.

తమాషా ఏమిటంటే ఆ లేడీ కాథరినే వెళ్ళి ఇదంతా డార్సీకి చెప్పింది. నన్ను చేసుకోనని లిజ్జీ మాటివ్వలేదంటే ఇంకా ఆశ ఉందన్నమాట అని అతనికి ధైర్యం వచ్చింది. పెళ్ళి ఆపడానికి వచ్చినావిడే పెళ్ళి కుదిర్చింది.

పెద్దబాలశిక్ష:

ఆలస్యంగా వచ్చాను బాబూ, మనవడికి జ్వరం. అందరివీ చదివాను. ఒకరు ఆమె వలదన్నదన్నారు, ఒకరు అతను వలదన్నాడన్నారు, ఇంకొకరు లేడీ కాథరిన్ అన్నదన్నారు. నాకు మాత్రం ‘వానినే’ దగ్గర పేచీ ఉంది. వాడు వాడేనా అని.

*మారె నాతడు మగువ యా మాట తోడ*
*మారె నామెయు దన తప్పు మదిని దలచి*
*వారు వారైన నాటి యా వారు కారు*
*వలదు పొమ్మన్న వానినే వలచె నింతి*

చలిమిడి: అమ్మా, ‘ఆ మాట’ అంటే ఏ మాట?

పెద్దబాలశిక్ష: ఇంకాస్త పెద్దమనిషిలా అడిగుంటే కాదనడానికి బాధపడేదాన్నేమో అన్న మాట. తరవాత అతనే చెప్పుకున్నాడు కదమ్మా, ఆ మాట ఎన్నాళ్ళు కాల్చుకుతిన్నదో. అంతగా తగిలిందని లిజ్జీకి తెలియనే తెలియదు, అతను మరవలేదు.

మాస్టారు:

మూడో పాదంలో వా–వా యతి, మూడు ‘వారు’లు, అర్థం మాత్రం ఎక్కడా తడబడలేదు. ఈ వారం తాంబూలం అమ్మగారికి, చలిమిడిగారికి చెరి సగం. పుస్తకం వచ్చిన మర్నాడే ఆస్టెన్ అక్క కసాండ్రాకి ఉత్తరం రాస్తూ, లిజ్జీ నచ్చనివాళ్ళని నేనెలా భరించాలో తెలియదు అంది. ఆవకాయగారూ, మిమ్మల్ని భరిస్తాం లెండి.

వచ్చే వారం కూడా ఆ ఇంట్లోనే ఉందాం. చివరి చెల్లెలు లిడియా పదహారేళ్ళకే విక్‌హామ్‌తో లేచిపోయి, పెళ్ళి చేసుకుని పుట్టింటికి వచ్చింది. భోజనాలకి వెళ్తూ జేన్‌ని పక్కకి జరగమని, నేను పెళ్ళైనదాన్ని కాబట్టి నీ చోటు ఇప్పుడు నాది అంది. ఆటవెలది నాలుగో పాదం:

*అక్క కన్న చెల్లి యక్క యయ్యె*

‘కన్న’ దగ్గర రెండర్థాలున్నాయని చలిమిడిగారు చెప్పకముందే నేనే చెప్పేస్తున్నాను.

చలిమిడి: మూడో అర్థం వెతుకుతాను మాస్టారూ.