తల్లిని ‘ఘనపరచడమా’, ‘సన్మానించడమా’? ఒక వాక్యం ఆచూకీ కావాలి

చినవాల్తేరు చిట్టి:
అందరికీ వందనాలు. మే రెండో ఆదివారం మా సంఘంలో తల్లుల ఆరాధన. వేదిక వెనక ఫ్లెక్సీ మీద ఒక వాక్యం వేయాలి, ఆ పని నా నెత్తిన పడింది. మా అమ్మమ్మ మాటిమాటికీ అనేది: “తల్లిని ఘనపరచువాడు నిధి కూర్చుకొన్నవాడు” అని. ‘ఘనపరచు’ అనేదో ‘సన్మానించు’ అనేదో మాత్రం తేలడం లేదు, చెవిలో రెండూ మోగుతున్నాయి. బైబిల్లో సామెతల గ్రంథం మొత్తం తిరగేశా, లేదు. ప్రసంగిలోనూ లేదు. ఎవరికైనా ఎక్కడైనా తగిలిందా?

గాజువాక మాస్టారు:
సామెతల్లో లేదమ్మా. అక్కడున్నవి వేరు. 23:22 “నీ తల్లి ముదిమియందు ఆమెను నిర్లక్ష్యము చేయకుము”, 31:28 “ఆమె కుమారులు లేచి ఆమెను ధన్యురాలందురు”. మీ అమ్మమ్మగారిది పది ఆజ్ఞల్లో తలిదండ్రుల ఆజ్ఞకి, అంటే నిర్గమ 20:12కి, ఇంటి పాఠం అయి ఉంటుంది. అక్కడ క్రియ ‘సన్మానించు’. అదే వేయించండి, గొడవుండదు.

పాతబైబిలు:
గొడవ ఉంది మాస్టారూ. మత్తయి 15:4 తీయండి: “తలిదండ్రులను ఘనపరచుమనియు”. నాలుగు అధ్యాయాలు దాటి 19:19కి రండి: “తలిదండ్రులను సన్మానింపుము”. గ్రీకులో రెండు చోట్లా ఒకటే మాట. తెలుగులో రెండెందుకయ్యాయి?

గాజువాక మాస్టారు:
దానికి నా దగ్గర లెక్క ఉంది. దేవుడికి ‘ఘనపరచు’, మనుషులకు ‘సన్మానించు’. సామెతలు 3:9లో “యెహోవాను ఘనపరచుము”, 1 పేతురు 2:17లో “రాజును సన్మానించుడి”. హీబ్రూలో సామెతలు 3:9కీ నిర్గమ 20:12కీ క్రియ ఒకటే, ‘కబ్బేద్’. అమ్మానాన్నల్ని దేవుడి పీట మీద కూర్చోబెట్టినట్టవుతుందని మనవాళ్ళు కావాలనే విడదీశారు. ‘మాతృదేవో భవ’ రోజూ చెవిన పడే దేశంలో పనిచేసినవాళ్ళు, ఆ జాగ్రత్త ఉండదా?

పాతబైబిలు:
అంత జాగ్రత్తపడ్డవాళ్ళు మత్తయి 15:4లో ఎందుకు జారారు? మీ లెక్కకి తూట్లు పడడానికి అదొక్కటి చాలు. నన్నడిగితే ‘ఘనపరచు’దే సరైన మాట. కబ్బేద్ ధాతువుకి అర్థం బరువు. తెలుగులో ఘనమన్నా బరువైనదీ, చిక్కనిదీనూ. దీనికి ఎదురు మాట పక్క అధ్యాయంలోనే ఉంది, నిర్గమ 21:17, తండ్రినైనా తల్లినైనా ‘శపించువాడు’. ఆ హీబ్రూ క్రియకి మూలార్థం తేలిక చేయడం. అంటే ఒక పక్క బరువు, ఇంకో పక్క తేలిక. అమ్మని తేలిగ్గా తీసేయకు అని ఆజ్ఞ. ‘సన్మానం’లో ఏ బరువుంది? శాలువా బరువు తప్ప!

కొండగుడి మెట్లు:
చిట్టిగారూ, మీరు వెతికింది సరైన చోట కాదు. అది సీరా జ్ఞానగ్రంథం, 3వ అధ్యాయం 4వ వచనం. తల్లిని గౌరవించేవాడు నిధి కూడబెట్టుకునేవాడి లాంటివాడని. తండ్రికి మతి తప్పినా ఓర్చుకోమన్న మాట కూడా ఆ అధ్యాయంలోదే. మీ ప్రొటెస్టెంటు బైబిలు 66 పుస్తకాల్లో ఉండదు, మా కాథలిక్కుల 73లో ఉంటుంది.

చినవాల్తేరు చిట్టి:
అయ్యో, మా అమ్మమ్మ బాప్టిస్టు అండీ! చదువు కూడా రాదు. విన్నవే అప్పజెప్పేది.

కొండగుడి మెట్లు:
పాతపోస్టాఫీసు వైపు ఏమైనా ఉండేవారా? డిసెంబరు 8 మరియమాత పండక్కి రాస్ హిల్ మీది గుడికి ఎక్కనివాళ్ళు ఆ పేటల్లో ఎవరు? హిందువులూ ఎక్కుతారు. అక్కడ విన్న మాట ఇంటికొచ్చి సామెతైపోవడం వింతేం కాదు.

గాజువాక మాస్టారు:
కావచ్చు. కానీ మన సంఘాల్లో ఫ్లెక్సీ మీద సీరా అని కనిపిస్తే పాస్టరుగారికి ఆదివారమంతా టెన్షనే. అది పక్కన పెడదాం. అక్కడా క్రియ ‘గౌరవించు’ అంటున్నారు మీరు. అంటే ఘన, సన్మాన రెండూ పోయి మూడోది వచ్చింది.

జాలారిపేట:
ఇన్ని తంటాలెందుకు, యోహాను 19:26 వేసేయండి. “అమ్మా, యిదిగో నీ కుమారుడు.” ప్రాణం పోతున్నా తల్లికి దిక్కు చూపించాడు. అంతకు మించిన సన్మానం ఏటుంటాది?

పాతబైబిలు:
ఆ ‘అమ్మా’లో దీర్ఘం దగ్గరే ఉంది తిరకాసు. గ్రీకులో అక్కడున్నది ఏ స్త్రీనైనా పిలిచే పిలుపు, తల్లి అన్న మాట కాదు. సమరయ స్త్రీనీ అలాగే పిలిచాడు, 4:21 “అమ్మా, ఒక కాలము వచ్చుచున్నది”. సమాధి దగ్గర మగ్దలేనే మరియనీ అంతే. మంచి శుక్రవారం, సిలువ మీద పలికిన ఏడు మాటల్లో మూడో మాట దగ్గరికొచ్చేసరికి ‘ఆఖరిసారి నోరారా అమ్మా అన్నాడు’ అని ప్రసంగీకులు సభనంతా ఏడిపించేస్తారు. మూలంలో ఆ పిలుపే లేదు.

జాలారిపేట:
తెలుగులో ఉంది కదండీ. హార్బర్లో చేపలమ్మే మా పిన్ని కొనడానికొచ్చిన పదేళ్ళ పిల్లనీ అమ్మా అంటాది, సొంత అత్తనీ అమ్మా అంటాది. మా నాన్న నన్ను ‘ఏటమ్మా’ అనే పిలుస్తాడు. మర్యాదకీ ముద్దుకీ ఒకే మాట ఉన్న భాష మనది. ‘ఓ స్త్రీ, యిదిగో నీ కుమారుడు’ అని పెట్టి చూడండి, నాటకంలో డైలాగులా లేదా? కానా పెళ్ళిలో “అమ్మా, నాతో నీకేమి పని?” అన్నాడు. ఆ అమ్మా తీసేసి చదివితే మా వీధి కుళాయి దగ్గర తగువే.

గాజువాక మాస్టారు:
భేష్. ఆ ‘అమ్మా’ పెట్టిన ఘనత మన ఊరిదే అని నా నమ్మకం. 1805లో విశాఖపట్నం దిగిన లండన్ మిషన్ వాళ్ళు క్రాన్, డెస్ గ్రాంజెస్. వాళ్ళ పక్కన కూర్చుని తెలుగు చేయించినవాడు ఆనందరాయరు. దొరల చెవికి ఆ మాట తట్టదు. అది ఆనందరాయరి చెవే.

పాతబైబిలు:
1812లో సేరంపూరులో అచ్చయినవి మత్తయి, మార్కు, లూకా. యోహాను అందులో లేదు. క్రాన్ 1809లో పోయాడు, డెస్ గ్రాంజెస్ 1810లో. పూర్తి కొత్త నిబంధన ప్రిచెట్‌ది, 1818, మద్రాసు అచ్చు. ప్రిచెట్ కూడా విశాఖ మిషన్ మనిషే కాబట్టి ఊరి ఘనత ఊళ్ళోనే ఉంచుకోండి, పేరు మాత్రం మార్చుకోండి.

కొండగుడి మెట్లు:
మర్యాద మాటొచ్చింది కాబట్టి... మీ లూకా 1:28లో దూత “నీకు శుభము” అంటాడు. మా జపంలో “స్త్రీలలో ఆశీర్వదింపబడినవారు మీరే” అంటాం. లోకరక్షకుడి తల్లిని ఏకవచనంలో ఎలా పిలుస్తారండీ?

పాతబైబిలు:
దేవుణ్ణే ‘నీవు’ అంటాం కదండీ. గబ్రియేలుకి మర్యాద బహువచనం నేర్పింది మీరే.

పెందుర్తి అక్క:
మీ పాండిత్యాలకి దణ్ణం. ఒక్క మాట చెప్పనివ్వండి. మత్తయి 15:4 ఏ సందర్భంలోదో ఎవరూ ఎత్తలేదు. అమ్మకీ నాన్నకీ పెట్టాల్సినదాన్ని ‘కొర్బాను’ అని దేవుడి పేరన రాసేసి చేతులు దులుపుకునేవాళ్ళ మీద ఆయన కోప్పడిన చోటది. మార్కు 7లో ఆ మాట పేరు పెట్టే ఉంది. అంటే గుడికిచ్చానన్న సాకు అమ్మ దగ్గర చెల్లదు. భక్తి ఒక పక్క, అమ్మ ఒక పక్క కాదు. 1 తిమోతి 5:3లో విధవరాండ్రను ‘సన్మానింపుము’ అంటాడు పౌలు. దండ వేయమని కాదు, కూడు చూడమని. కింద నాలుగో వచనంలోనే “తమ యింటివారియెడల భక్తి కనుపరచుట” అని, తలిదండ్రులకు “ప్రత్యుపకారము” చేయడం నేర్చుకోమని ఉంది. ఇంటివాళ్ళని చూసుకోవడానికే ‘భక్తి’ అన్న మాట వాడాడు చూడండి. బైబిల్లో సన్మానం అంటే అది. మనం చేసుకుంటున్నది వేరు.

పోయినేడు ఒక సంఘంలో చూశాను. తల్లుల్ని వరసగా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి, మే నెల ఉక్కలో శాలువాలు కప్పారు, తలా ఒక స్టీలు టిఫిన్ బాక్సు. ఒకావిడ శాలువా కవరు కూడా విప్పలేదు. ఆవిడ కొడుకే మైకు పట్టుకుని పేర్లు చదివాడు. ఆవిడ ఒక్కతే వేరే గదిలో ఉంటుంది, నెలాఖరుకి బీపీ మాత్ర సగానికి విరిచి వేసుకుంటుంది. మాత్ర విరుస్తుంటే నేను కళ్ళారా చూశా. ఘనపరచు వేసినా సన్మానించు వేసినా ఆవిడకేం ఒరుగుతుంది?

గాజువాక మాస్టారు:
అక్కయ్యా, మాట పొల్లు పోదు. లేవీయకాండం 19:3 కూడా కలుపుకోండి, “తన తల్లికి తన తండ్రికి భయపడవలెను”. పది ఆజ్ఞల్లో తండ్రి ముందు, ఇక్కడ తల్లి ముందు. అయితే ‘ప్రత్యుపకారము’ దగ్గర నాకు చిన్న అభ్యంతరం. అప్పు తీర్చినట్టుంది. అమ్మది ఉపకారమా ఏమన్నానా?

పాతబైబిలు:
అక్కడి గ్రీకు మాటలోనూ బాకీ తీర్చడం ఉంది మాస్టారూ. అనువాదం తప్పు కాదు. పౌలుతో తేల్చుకోండి.

చినవాల్తేరు చిట్టి:
అక్కా, మీ మాట చదివాక ఆ రెండు క్రియలూ వద్దనిపించింది. సామెతలు 23:22 ఇచ్చేశాను, “నీ తల్లి ముదిమియందు”. షాపులో కుర్రాడు ‘ముదిమి’ అంటే ఏంటి మేడమ్ అన్నాడు. అందరికీ థ్యాంక్స్. అమ్మమ్మ మాట సంగతి మాత్రం ఇంకా పీకుతూనే ఉంది.

సీతమ్మధార సీసం:
ఆలస్యంగా వచ్చాను. ఇందాకట్నుంచీ ‘తలిదండ్రులు’ అని ఒంటి ‘ల’తో రాస్తుంటే ఒక్కరికీ గుచ్చుకోలేదా? బడి వ్యాకరణంలో గసడదవాదేశానికి ఇచ్చే ఉదాహరణే ‘తల్లిదండ్రులు’. వేమన “తల్లిదండ్రులందు దయలేని పుత్రుండు” అన్నాడు. అక్కడ ‘ల’ ఒంటిదైతే ఆటవెలది మొదటి గణమే కూలుతుంది. ‘తల్లి’ హగణం, ‘తలి’ రెండు లఘువులు, ఎందుకూ కొరగావు. పోతన ప్రహ్లాదుడి సీసంలోనూ “తల్లిదండ్రుల భంగి” అనే ఉంది.

పాతబైబిలు:
అచ్చుతప్పు కాదండీ. యెఫెసీ 6:1లోనూ “మీ తలిదండ్రులకు విధేయులైయుండుడి” అనే ఉంది. విడిగా వచ్చినప్పుడు ‘నీ తల్లిని’ అని జంట లకారమే, సమాసంలో మాత్రం ఒంటి లకారం. ఒక పద్ధతి ప్రకారం చేసిందే. పైగా కందంలో ‘తలిదం’ చక్కటి సగణం.

సీతమ్మధార సీసం:
కందం ఎవరు రాశారక్కడ? సరే, తల్లి మీద ఇంత చర్చ జరిగి జాషువా పేరు రాకపోవడం నాకు మింగుడుపడడం లేదు. ‘క్రీస్తు చరిత్ర’కి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ వచ్చింది. మన ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ ఇచ్చి గౌరవించింది. తల్లి మాటకి మాత్రం ‘శిశువు’లో “పురిటింటి బాటసారి” దగ్గరికే వెళ్ళాలి.

జాలారిపేట:
అది పిల్లాడి మీద పద్యం కదండీ, తల్లెక్కడుంది?

సీతమ్మధార సీసం:
పురిటిల్లంటే ఏమిటనుకున్నారు? తల్లి కడుపు. ఆ ఇంట్లో ఉన్న బాటసారి.

గాజువాక మాస్టారు:
కాదు. పురిటిల్లు ప్రసవించే గది. తొమ్మిది నెలలు అన్నం నీళ్ళు లేకుండా పయనిస్తున్నాడంటే చేరాల్సిన ఊరు పురిటిల్లు. పురిటింటికి వెళ్ళే బాటసారి. మీ అర్థంలో నడక లేదు, వాడు కదలకుండా కూర్చున్నాడు.

సీతమ్మధార సీసం:
కడుపులో పిల్లాడు కదలడని మీకెవరు చెప్పారు మాస్టారూ, ఇంట్లో అమ్మగారిని అడగండి.

పెందుర్తి అక్క:
ఇప్పుడు దారికొచ్చారు.

గాజువాక మాస్టారు:
సరే, పాతబైబిలుగారికి ఒక్క ప్రశ్న. యెఫెసీ పత్రిక వచనం. వచనానికి సగణంతో పనేమిటి?

పాతబైబిలు:
రాసింది పండితుల చెయ్యండీ. పద్యాలు అలవాటైన చెయ్యి వచనంలోనూ ‘తలి’ అనే రాస్తుంది.

సీతమ్మధార సీసం:
ఆ పండితుడి పేరు చెప్పండి, అప్పుడు ఒప్పుకుంటా.