అంతరిక్ష డాక్యుమెంటరీలూ, తక్కువ ఖర్చు దెయ్యం సినిమాలూ ఒకే ప్రేక్షకుణ్ణి ఎందుకు పట్టుకుంటాయి?

ప్రశ్న – విశాఖ వీక్షకుడు

మేము కొందరు మిత్రులం విశాఖపట్నంలో నెలకొకసారి కూడి ఒక సినిమా చూసి, ఆ తరువాత దాని గురించి తీరిగ్గా మాట్లాడుకుంటాం. ఏది వేద్దామన్న చర్చ వచ్చినప్పుడల్లా చంద్రయాత్రల మీద, వాయేజర్ నౌకల మీద వచ్చిన డాక్యుమెంటరీలను కోరేవారూ, చేతిలో డబ్బు లేనివారు తీసిన దెయ్యం సినిమాలను కోరేవారూ చాలావరకు ఒకరే అవుతున్నారు. నేనూ వారిలో ఒకణ్ణి. మొదటిది జరిగిన చరిత్ర, రెండవది కల్పించిన కథ. మొదటిదాని వెనుక ఒక ప్రభుత్వం వెచ్చించిన ధనం ఉంటుంది, రెండవదాని వెనుక స్నేహితులు తలా కొంత వేసుకున్న సొమ్ము ఉంటుంది. అయినా రెండింటినీ ఊపిరి బిగబట్టే చూస్తాను. కోట్లు పోసి గ్రాఫిక్స్‌తో నింపిన చిత్రాలేవీ నన్ను అలా కూర్చోబెట్టలేకపోయాయి.

నాకు తోచిన కారణం ఇది: ఈ రెండు రకాల చిత్రాలలోనూ కెమెరాకు అందనిది ఏదో ఒకటి ఎదురుగా ఉంటుంది. 1969 జూలైలో చంద్రుడి మీది నుంచి వచ్చిన టీవీ బొమ్మనే తీసుకోండి. పంపగలిగిన సమాచారానికి పరిమితి ఉండడం వల్ల ఆ కెమెరా సెకనుకు 10 ఫ్రేములు, ఫ్రేముకు 320 గీతలు మాత్రమే పంపింది. దానిని మామూలు ప్రసారానికి అనువుగా మార్చడానికి భూమి మీది కేంద్రాలలో ఆ బొమ్మను ఒక తెర మీద వేసి, ఆ తెరను మరో కెమెరాతో తీశారు. నిచ్చెన దిగుతున్న ఆర్మ్‌స్ట్రాంగ్ మనకు ఒక మసక నీడలా కనిపించడానికి అదే కారణం. ఆ మసకలో మనిషి ఆకారాన్ని పోల్చుకోవడానికి మన కళ్ళు పడే శ్రమే ఆ దృశ్యానికి ప్రాణం పోసిందని నా నమ్మకం. 1999లో వచ్చిన 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్' కూడా ఇదే శ్రమను మన చేత చేయిస్తుంది: మేరీలాండ్ అడవిలో ముగ్గురు నటులు, వారి చేతుల్లో కెమెరాలు, దీపం వెలుగు పడినంత మేర కొమ్మలు, ఆ పైన చీకటి. అడవిలో ఉన్నదేమిటో చివరిదాకా చూపించరు. మన భాషలో 2012లో రవిబాబు తీసిన 'అవును' కూడా ఒక ఇంటినీ, కంటికి కనిపించని ఒక ఉనికినీ నమ్ముకొని నడిచిన సినిమాయే.

ఈ ఆలోచన సరైనదేనా? రెండవ సంగతి: 1968 నాటి 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'నూ, 2019లో టాడ్ డగ్లస్ మిల్లర్ తీసిన 'అపోలో 11' డాక్యుమెంటరీనీ ఒకే రాత్రి వేయాలనుకుంటున్నాం. ఏది ముందు వేయడం మంచిదో పెద్దలు చెప్పగలరు.

సమాధానం – శబ్దలేఖకుడు, హైదరాబాదు

వీక్షకుడు గారూ, మీరు బొమ్మ గురించి చెప్పారు. శబ్ద విభాగంలో పనిచేసేవాణ్ణి కనుక, అసలు బంధం చెవి దగ్గర ఉందని నేనంటాను. మీరు ఎంచుకున్న డాక్యుమెంటరీలో వ్యాఖ్యాత లేడు. హ్యూస్టన్ నియంత్రణ కేంద్రంలో ఒక్కొక్క బల్ల దగ్గర కూర్చున్నవారి మాటలను అప్పట్లో వేర్వేరు ట్రాకుల మీద రికార్డు చేశారు. ఆ రికార్డులన్నీ కలిపి దాదాపు 11,000 గంటలు ఉంటాయి. చిత్రబృందం వాటిలోంచి మాటలను ఏరి, మూగగా ఉన్న దృశ్యాలకు జతపరిచింది. సంగీత దర్శకుడు మ్యాట్ మోర్టన్ 1969 నాటికి ఉన్న వాద్యాలతోనే పని పూర్తిచేశాడు. అందువల్ల ఆ చిత్రంలో నేటి కాలం వచ్చి మన పక్కన నిలబడి వివరణ ఇవ్వదు. ఏం జరగబోతోందో తెలియని మనుషుల గొంతులే వినిపిస్తాయి.

మీరు చెప్పిన అడవి సినిమాలో దర్శకులు చేసిందీ దాదాపు ఇదే. రాత్రివేళ గుడారం బయట తాము వినిపించబోయే పిల్లల గొంతుల గురించి నటులకు ముందుగా చెప్పలేదు. మనం తెర మీద చూసే ఉలికిపాటులో చాలా భాగం నటన కాదు. బడ్జెట్ లేనివాడికి దెయ్యాన్ని చూపించే స్తోమత ఉండదు కాని, వినిపించే స్తోమత ఉంటుంది. నాకు తెలిసినంతలో సినిమా కళలో డబ్బుకు లొంగని విభాగం శబ్దం ఒక్కటే.

నిశ్శబ్దం గురించి ఇంకా ఎక్కువ చెప్పాలి. 1968 డిసెంబరు 24న అపోలో 8 చంద్రుడి వెనుకకు వెళ్ళినప్పుడు, నౌకను చంద్రకక్ష్యలోకి దించే ఇంజను ఆ చాటునే మండవలసి ఉంది. అది మండిందో లేదో అరగంటకు పైగా భూమి మీద ఎవరికీ తెలియదు. 2014 సెప్టెంబరు 24 ఉదయం మన మంగళ్‌యాన్ విషయంలోనూ అదే జరిగింది: ఇంజను మండుతున్న సమయంలోనే నౌక అంగారకుడి చాటుకు వెళ్ళింది. బయటికి వచ్చి సంకేతం పంపినా, అది మనను చేరడానికి మరో 12 నిమిషాలు పట్టేంత దూరం. ఆ ఉదయం టీవీలో చూపించడానికి ఏమీ లేదు. బల్లల ముందు కూర్చున్న మనుషుల ముఖాలు మాత్రమే ఉన్నాయి. తలుపు అవతల ఏముందో చూపకుండా, తలుపును చూస్తున్న అమ్మాయి ముఖాన్ని మాత్రమే చూపించే దర్శకుడికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

సమాధానం – భౌతికశాస్త్ర అధ్యాపకుడు, సూళ్ళూరుపేట

పై ఇద్దరి మాటలూ ఆసక్తిగా చదివాను, కాని ఒక ముఖ్యమైన చోట విభేదిస్తున్నాను. కనిపించకపోవడం రెండింటికీ సమానమే కావచ్చు. కారణం తెలిసినప్పుడు రెండూ ఒకేలా ప్రవర్తించవు. దెయ్యానికి కారణం చెప్పిన మరుక్షణం సినిమా చప్పబడిపోతుంది. అంతరిక్ష డాక్యుమెంటరీ మాత్రం కారణం చెప్పేకొద్దీ బిగుస్తుంది.

అపోలో 11 దిగుతుండగా కంప్యూటర్ 1202 అనే హెచ్చరికను చూపింది. ఏమీ తెలియని ప్రేక్షకుడికి అది ఒక అంకె మాత్రమే. ఆ సమయంలో అక్కరలేని రాడార్ ఒకటి కంప్యూటర్ సమయాన్ని తినేస్తున్నదనీ, కంప్యూటర్ ముఖ్యం కాని పనులను వదిలేసి దిగడానికి కావలసిన లెక్కలను మాత్రం నిలబెట్టుకుంటున్నదనీ, కొద్ది వారాల క్రితం జరిగిన అభ్యాసంలో ఇటువంటి హెచ్చరికకే యాత్రను అనవసరంగా విరమించారనీ, ఆ అనుభవం తరువాత జాక్ గార్మన్ అనే యువ ఇంజనీరు హెచ్చరికల పట్టికను చేత్తో రాసి దగ్గర ఉంచుకున్నాడనీ తెలిసిన తరువాత అదే దృశ్యాన్ని మళ్ళీ చూడండి. మొదటిసారి కంటే రెండవసారే గుండె ఎక్కువగా కొట్టుకుంటుంది. ఫలితం తెలిసిన కథ ఎందుకు ఉత్కంఠ కలిగిస్తుందన్న ప్రశ్నకు నా జవాబు అదే.

మా ఊరు శ్రీహరికోట దారిలో ఉంది. రాకెట్ లేచినప్పుడు మేడలెక్కి చూడడం ఇక్కడ అందరికీ అలవాటు. కాని మా విద్యార్థులకు ఎక్కువ నేర్పింది ప్రయోగం కాదు, 2019 సెప్టెంబరు 7 తెల్లవారుజామున చంద్రయాన్-2లోని విక్రమ్ ల్యాండర్ చంద్రుడి మీద దిగుతున్నప్పటి తెర. అనుకున్న మార్గాన్ని చూపే గీత నుంచి ఆకుపచ్చ గీత కొద్దిగా పక్కకు జరిగి ఆగిపోయింది. 2.1 కిలోమీటర్ల ఎత్తు వరకు అంతా సజావుగా సాగిందని, ఆ తరువాత సంకేతాలు ఆగిపోయాయని ప్రకటన వచ్చింది. అంతవరకు అది దెయ్యం సినిమాయే. తరువాత ఇంజన్ల తోపు అనుకున్నదానికంటే ఎక్కువైందనీ, దిగవలసిన చోటు 500 మీటర్ల చదరానికే పరిమితం కావడం వల్ల సవరించుకునే వెసులుబాటు తగ్గిందనీ ఇస్రో వివరించింది. చంద్రయాన్-3కు మధ్య ఇంజను తీసివేశారు, దిగే చోటును 4 కిలోమీటర్ల పొడవుకు పెంచారు. 2023 ఆగస్టు 23 సాయంత్రం ఇస్రో యూట్యూబ్ ప్రసారాన్ని ఏకకాలంలో 80 లక్షల మందికి పైగా చూశారు. వారిలో చాలామందికి ఆ పాత గీత గుర్తుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

సమాధానం – విశ్రాంత తెలుగు పండితుడు, రాజమహేంద్రవరం

అధ్యాపకుల వారు చూపిన భేదం నిజమే, దానికి మన నాట్యశాస్త్రంలో ఆధారం కూడా ఉంది. వీరం నుంచి అద్భుతం, బీభత్సం నుంచి భయానకం పుడతాయని భరతుడు చెప్పాడు. చంద్రయాత్ర కథ వీరంలో మొదలై అద్భుతానికి చేరుతుంది. శవాలు లేచి నడిచే సినిమా బీభత్సంలో మొదలై భయానకానికి చేరుతుంది. మూలాలు వేరు కనుక కారణం తెలిసినప్పుడు అవి వేర్వేరు దారులు పట్టడంలో వింత లేదు.

అయితే ప్రేక్షకుడు ఒకడే ఎందుకు అవుతున్నాడన్న ప్రశ్న మిగిలే ఉంది. దానికి అనుభావాల దగ్గర, అంటే రసం శరీరంలో బయటపడే లక్షణాల దగ్గర చూడాలి. అద్భుత, భయానక రసాలు రెండింటికీ చెప్పిన శరీర లక్షణాలలో గగుర్పాటు ఉమ్మడిగా ఉంది. అద్భుతంలో రెప్పవేయని చూపు ఉంటే, భయానకంలో చూపు చలిస్తుంది, గొంతు మారుతుంది, ముఖం రంగు తప్పుతుంది. ఒళ్ళు గగుర్పొడిచినప్పుడు అది విస్మయమో భయమో ఆ మొదటి క్షణంలో శరీరానికి తెలియదు, ఆ తరువాతే మనసు దానికి దారి చూపుతుంది. మీ మిత్రులు ఆ మొదటి క్షణాన్ని ప్రేమించేవారని నా అభిప్రాయం. ఖర్చు పెద్దదైన చిత్రాలు ఆ క్షణాన్ని ఉండనివ్వవు. విస్మయపడమనో, భయపడమనో వెంటనే వాద్యాలన్నీ మోగించి చెప్పేస్తాయి.

సమాధానం – పిట్స్‌బర్గ్ తెలుగువాడు

మీరు ఎంచుకున్న 1968 చిత్రం మేముండే ప్రాంతంలోనే తీసినది. నగరానికి ఉత్తరాన ఉన్న ఎవాన్స్ సిటీ శ్మశానంలో మొదటి సన్నివేశం తీశారు. అక్కడికి ఇప్పటికీ అభిమానులు వస్తూంటారు. దర్శకుడు జార్జ్ రొమేరో బృందం అప్పటిదాకా వ్యాపార ప్రకటనలు తీసుకునేది. పదిమంది తలా 600 డాలర్లు వేసుకొని మొదలుపెట్టారు, మొత్తం ఖర్చు లక్షా 14 వేల డాలర్ల దగ్గర తేలింది. కూల్చివేయబోతున్న ఒక ఇంటిని వాడుకున్నారు. నలుపు తెలుపు చిత్రం కనుక రక్తం బదులు చాక్లెట్ పానకం సరిపోయింది.

మీ జంట ఎంపికకు నేను సంతోషించడానికి వేరే కారణం ఉంది. ఈ సినిమాలో శవాలు లేవడానికి కారణం శుక్రగ్రహం నుంచి తిరిగివస్తూ పేల్చివేయబడిన అంతరిక్ష నౌక వెదజల్లిన రేడియేషన్ కావచ్చునని టీవీ వార్తల్లో చెబుతారు. చిత్రీకరణ 1967లో జరిగింది. ఆ అక్టోబరులోనే సోవియట్ వెనెరా 4 శుక్రుడి వాతావరణంలోకి దిగింది, ఆ మరునాడే అమెరికా మెరినర్ 5 ఆ గ్రహం పక్కనుంచి సాగిపోయింది. అంటే పత్రికల్లో అంతరిక్షం విజయగాథగా అచ్చవుతున్న రోజుల్లోనే, ఒక చిన్న బృందం దాని నుంచి ఏం తిరిగివస్తుందోనన్న బెంగను తెరకెక్కించింది. అధ్యాపకుల వారు అన్నట్లు కారణం చెబితే చప్పబడాలి కదా; ఇక్కడ చప్పబడలేదు, ఎందుకంటే ఆ కారణాన్ని శాస్త్రజ్ఞుడూ సైనికాధికారీ విలేఖరుల ముందే ఖండించుకుంటారు, తేల్చరు.

ఈ కారణంగానే డాక్యుమెంటరీని ముందు వేయమని నా సలహా. గంటన్నర పాటు నిజమైన వార్తా ప్రసారాల గొంతులకు అలవాటుపడిన ప్రేక్షకులు, ఆ తరువాత సినిమాలోని కల్పిత వార్తలను విని నమ్ముతారు. రొమేరో కోరుకున్నదీ ఆ నమ్మకాన్నే. పిట్స్‌బర్గ్ టీవీలో అందరికీ తెలిసిన బిల్ కార్డిల్ చేత విలేఖరి వేషం వేయించాడు. ముగింపులో వచ్చే నిశ్చల ఛాయాచిత్రాలు కూడా పత్రికా చిత్రాల్లాగే గరుకుగా ఉంటాయి.

హక్కుల విషయం: పేరు మార్చినప్పుడు కాపీరైట్ సూచన జారిపోవడం వల్ల ఈ సినిమా అమెరికాలో ప్రజల సొత్తయింది. నాసా తీసిన ఫిల్ము కూడా సాధారణంగా అటువంటిదే. కాని దానితో కూర్చిన 2019 డాక్యుమెంటరీకి హక్కుదారులు ఉన్నారు, వారి అనుమతి తీసుకోండి.

విశాఖ వీక్షకుడు

అందరికీ కృతజ్ఞతలు. పండితుల వారి మాట నా ప్రశ్నను సరిచేసింది: నేను కెమెరా గురించి అడిగాను, అడగవలసింది ప్రేక్షకుడి శరీరం గురించి. అధ్యాపకుల వారితో మాత్రం ఒక చోట ఏకీభవించలేను. 2019 నాటి ఆ గీతను కారణాలన్నీ తెలిసిన తరువాత చూసినా నాకు భయమే కలుగుతుంది, అందులో అద్భుతం లేదు. జ్ఞానం అన్ని భయాలనూ విస్మయంగా మార్చగలదని నేను అనుకోను.

డాక్యుమెంటరీనే ముందు వేస్తాం, అనుమతి కోసం ఇప్పటికే రాశాము. రెండింటి మధ్య చర్చ పెట్టకుండా పావుగంట విరామం మాత్రమే ఇద్దామనుకుంటున్నాం, లేకపోతే ఆ గొంతుల అలవాటు చెదిరిపోతుంది. శబ్దలేఖకుడు గారికి ఒక విన్నపం: మా హాలులో ఉన్నవి రెండు చిన్న స్పీకర్లే. సాటర్న్ 5 రాకెట్ లేచే దృశ్యానికి లోతైన శబ్దం కావాలి, దెయ్యం సినిమాకు పాత మోనో శబ్దం చాలు. సబ్‌వూఫర్ ఒకటి అద్దెకు తెస్తే, రెండవ సినిమాకు దానిని ఆపివేయాలా, ఉంచవచ్చా?