ఎల్క్‌కి 6.5 క్రీడ్‌మూర్ చాలుతుందా, 300 విన్ మ్యాగ్ కొనాల్సిందేనా?

డెన్వర్ కొత్తోడు:
అన్నలూ, ఈసారి కొలరాడో రైఫిల్ సీజన్‌కి మొదటిసారి ఎల్క్ (ఇక్కడి పెద్ద జాతి జింక) వేటకి వెళ్తున్నా. హంటర్ ఎడ్యుకేషన్ కార్డు వచ్చేసింది. రెండేళ్లుగా రేంజ్‌లో 6.5 క్రీడ్‌మూర్ అనే మధ్యరకం తూటా రైఫిల్‌తోనే కొడుతున్నా, చెయ్యి బాగా అలవాటైంది. మాతో వచ్చే ఆయనేమో అది జింకలకైతే ఓకే, ఎల్క్‌కి ఇంకా బలమైన మ్యాగ్నమ్ తూటా వేసే 300 విన్ మ్యాగ్ కొనుక్కో అంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

పాత వేటగాడు:
ఆయన చెప్పింది కరెక్టే తమ్ముడూ. మగ ఎల్క్ అంటే మూడొందల కిలోలు ఉంటది, మన కణుజులాంటిదే గానీ ఇంకా మొండిది, ఊపిరితిత్తుల్లో దిగినా కొంత దూరం ఉరుకుతది. 180 గ్రెయిన్ల (తూటా బరువు కొలత) 300 విన్ మ్యాగ్ తూటాకి బ్యారెల్ దాటేటప్పుడు దాదాపు 3,500 ఫుట్ పౌండ్ల శక్తి, నీదేమో 2,300 చిల్లర. భుజం ఎముకకి తగిలితే ఏది లోపలికి పోతదో నువ్వే ఆలోచించు.

మోంటానా బాబాయ్:
నేను ఒప్పుకోను. నా మొదటి సీజన్‌కి నేనూ ఇలాగే ఎవరో చెప్పారని మ్యాగ్నమ్ కొన్నా, అది భుజం మీద తన్నే తన్నుడుకి ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుపోయేవి, రేంజ్‌లో ఇరవై తూటాలు కూడా కాల్చకుండానే కొండెక్కేశా, ఆడ ఎల్క్ 200 గజాల్లో పక్కకి తిరిగి నిలబడి ఉంది, అంతకన్నా మంచి అవకాశం ఉండదు, కడుపులో కొట్టా. చీకటి పడేదాకా నెత్తురు చుక్కలు వెతుక్కుంటూ తిరిగాం, మర్నాడు పొద్దున దొరికింది, అప్పటికే తొడల దగ్గర మాంసం కంపు కొడుతోంది. ఆ వాసన నాకు ఇప్పటికీ గుర్తే. తర్వాత ఏడాది తన్నుడు తక్కువుండే 270 విన్చెస్టర్ తీసుకున్నా, ఇంతవరకూ మార్చలేదు.

ఈ గొడవ కొత్తదేం కాదు. తుపాకుల గురించి రాసిన పాతకాలం అమెరికన్ రచయితల్లో జాక్ ఓకానర్ 270 చాలన్నాడు, ఎల్మర్ కీత్ లావు తూటా బరువు తూటా కావాలన్నాడు. నన్నడిగితే క్యాలిబర్ (తూటా లావు) కన్నా ముందు తూటా తయారీ చూడాలి. జాన్ నోస్లర్ అనే వేటగాడు 1946లో మూస్‌ని (ఎల్క్ కన్నా పెద్ద జింక) పెద్ద మ్యాగ్నమ్‌తో కొడితే తూటాలు పైపైనే చితికిపోయాయి, ఆ కోపంతోనే ఆయన పార్టిషన్ అనే తూటా తయారుచేశాడు, మధ్యలో రాగి గోడ ఉంటుంది, ముందు సగం విచ్చుకున్నా వెనక సగం చెదరకుండా లోపలికి దూసుకెళ్తుంది. క్రీడ్‌మూర్‌లో అలాంటి గట్టి తూటా, లేకపోతే పూర్తి రాగిది వెయ్యి. కొలరాడో రూల్ ఎల్క్‌కి తూటా కనీసం 6 ఎంఎం లావు, 85 గ్రెయిన్ల బరువు, 100 గజాల దగ్గర 1,000 ఫుట్ పౌండ్ల శక్తి, నీది సులువుగా దాటుతుంది.

పాత వేటగాడు:
బాబాయ్, రూల్ దాటడం వేరు, 400 గజాల్లో గాలి వీస్తుంటే కొట్టడం వేరు. చాలామంది ఎల్క్‌కి తగిలేటప్పుడు 1,500 ఫుట్ పౌండ్లు ఉండాలంటరు, క్రీడ్‌మూర్ 400 దగ్గర దానికి కిందికి పడిపోతది. తన్నుడికి మజిల్ బ్రేక్ (బ్యారెల్ చివర పెట్టి తన్నుడు తగ్గించేది) పెట్టుకోవచ్చు.

మోంటానా బాబాయ్:
పెట్టుకుంటే ఆ మోతకి పక్కనున్నవాడి చెవులు పోతాయి. అయినా మొదటి సీజన్‌వాడు 400 గజాల్లో కొట్టడం ఎందుకండీ?

డెన్వర్ కొత్తోడు:
థాంక్స్ ఇద్దరికీ. క్రీడ్‌మూరే తీసుకెళ్తా, 250 దాటితే కొట్టను. ఇంకోటి, నాతో వచ్చే ఫ్రెండ్ హెచ్1బీ మీద ఉన్నాడు, తుపాకీ పట్టుకోవచ్చా?

మోంటానా బాబాయ్:
ఆ వీసా మీద ఫెడరల్ చట్టం ప్రకారం మామూలుగా కుదరదు, చెల్లుబాటయ్యే స్టేట్ హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. లైసెన్స్ చేతికొచ్చేదాకా రేంజ్‌లో కూడా నీ రైఫిల్ అతనికివ్వకు. నువ్వు రేంజ్‌లో తుపాకీ ఆనించే బెంచ్ వదిలేసి కింద కూర్చుని, మోకాలి మీద ప్రాక్టీస్ చెయ్యి, కొండ మీద బెంచ్ ఉండదు.