అమెరికా అంతర్యుద్ధానికి మూలం బానిసత్వమా, రాష్ట్రాల హక్కులా?

ప్రశ్న

నమస్కారం. పోటీ పరీక్షల కోసం ప్రపంచ చరిత్ర చదువుతున్నాను. 1861లో మొదలైన అమెరికా అంతర్యుద్ధానికి బానిసత్వమే కారణమని ఒక పుస్తకంలో ఉంది. మరొక పుస్తకం మాత్రం అసలు తగాదా రాష్ట్రాల హక్కుల మీద, దిగుమతి సుంకాల మీద అని, బానిసత్వం తరువాత వచ్చి చేరిన అంశమని చెబుతోంది. బానిసత్వం ఉన్న రాష్ట్రాల జోలికి వెళ్లే ఉద్దేశం తనకు లేదని లింకన్ తన ప్రమాణ స్వీకార ప్రసంగంలోనే చెప్పారు కదా, మరి దక్షిణాది రాష్ట్రాలు ఎందుకు విడిపోయినట్టు? తెలిసినవారు వివరించగలరు.

సమాధానం

రాష్ట్రాల హక్కుల వాదానికి 1850 నాటి పారిపోయిన బానిసల చట్టమే మంచి గీటురాయి. ఉత్తరాదికి పారిపోయి వచ్చిన బానిసను పట్టి అప్పగించే బాధ్యతను ఆ చట్టం సమాఖ్య (కేంద్ర) ప్రభుత్వం మీద పెట్టింది. పట్టుబడిన మనిషికి జ్యూరీ విచారణ లేదు, తన తరఫున తాను సాక్ష్యం చెప్పుకునే వీలు కూడా లేదు. విచారించే కమిషనర్‌కు ఆ మనిషిని యజమానికి అప్పగిస్తే 10 డాలర్లు, విడిచిపెడితే 5 డాలర్లు రుసుముగా ముట్టేవి (అప్పగింతకు కాగితాల పని ఎక్కువని సమర్థించుకున్నారు లెండి). 1854లో బోస్టన్‌లో దొరికిన ఆంథనీ బర్న్స్‌ను వర్జీనియాకు తిప్పి పంపడానికి సైనికులను వీధుల్లోకి దింపవలసి వచ్చింది. దీన్ని ఎదుర్కోవడానికి ఉత్తరాది రాష్ట్రాలు వ్యక్తి స్వేచ్ఛ పేరుతో సొంత చట్టాలు చేసుకోగా, విస్కాన్సిన్ రాష్ట్ర సుప్రీంకోర్టు ఏకంగా సమాఖ్య చట్టమే రాజ్యాంగ విరుద్ధమని ప్రకటించింది. 1859లో అమెరికా సుప్రీంకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టివేసింది. అంటే ఈ వ్యవహారంలో రాష్ట్రాల హక్కుల కోసం నిలబడింది ఉత్తరాది, సమాఖ్య అధికారాన్ని ప్రయోగించమని పట్టుబట్టింది దక్షిణాది. 1860 డిసెంబరు 20న విడిపోయిన సౌత్ కరోలినా తన ప్రకటనలో చేసిన ముఖ్యమైన ఫిర్యాదు కూడా ఉత్తరాది రాష్ట్రాలు ఈ చట్టాన్ని అమలు కానివ్వడం లేదన్నదే.

సుంకాల వాదన ఇంతసేపు నిలవదు. 1857లో సుంకాలు తగ్గాయి. వాటిని పెంచిన మోరిల్ చట్టం 1861 మార్చిలో వచ్చేనాటికే ఏడు రాష్ట్రాలు వెళ్లిపోయాయి.

మరొక సమాధానం

పై సమాధానంతో ఏకీభవిస్తాను, కానీ లింకన్ గురించిన మీ సందేహం తీరాలంటే పశ్చిమ భూభాగాల, అంటే ఇంకా రాష్ట్రాలు కాని ప్రాంతాల, సంగతి చూడాలి. ఒక్కొక్క కొత్త రాష్ట్రం సెనేట్‌కు ఇద్దరు సభ్యులను పంపుతుంది కాబట్టి, అక్కడ బానిసత్వం ఉంటుందా లేదా అన్న ప్రశ్న మీదే జాతీయ స్థాయి బలాబలాలు ఆధారపడేవి. 1820లో మిస్సోరీని బానిస రాష్ట్రంగానూ, మెయిన్‌ను స్వేచ్ఛా రాష్ట్రంగానూ చేర్చుకోవాలని, మిస్సోరీ మినహా ఫ్రాన్స్ నుంచి కొన్న లూసియానా భూభాగంలో 36 డిగ్రీల 30 నిమిషాల అక్షాంశానికి ఉత్తరాన బానిసత్వం ఉండరాదని రాజీ కుదుర్చుకున్నారు. మెక్సికోతో యుద్ధం ముగిసి 1848లో విశాలమైన కొత్త నేల చేతికి వచ్చాక తగాదా మళ్లీ రాజుకుంది. 1854లో సెనేటర్ స్టీఫెన్ డగ్లస్ తెచ్చిన కాన్సాస్–నెబ్రాస్కా చట్టం పాత గీతను చెరిపి, నిర్ణయాన్ని అక్కడ స్థిరపడినవారికే వదిలింది. వినడానికి ప్రజాస్వామికంగానే ఉన్నా, మిస్సోరీ నుంచి సాయుధులు గుంపులుగా సరిహద్దు దాటి వచ్చి ఓట్లు వేయడంతో కాన్సాస్ రణరంగమైంది. 1856 మేలో సెనేట్ సభా మందిరంలోనే బానిసత్వ వ్యతిరేకి అయిన సెనేటర్ చార్లెస్ సమ్నర్‌ను దక్షిణాది ప్రతినిధి ప్రెస్టన్ బ్రూక్స్ చేతికర్రతో స్పృహ తప్పేలా కొట్టాడు. మరుసటి ఏడాది, స్వేచ్ఛ కోరుతూ కోర్టుకెక్కిన బానిస డ్రెడ్ స్కాట్ కేసులో సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి రోజర్ టానీ, భూభాగాలలో బానిసత్వాన్ని నిషేధించే అధికారం అమెరికా కాంగ్రెస్‌కు లేదని తీర్పు చెప్పి, రాజీకి మిగిలిన కాస్త చోటును కూడా లేకుండా చేశారు. బానిసత్వ విస్తరణను ఆపుతామన్నదే లింకన్‌కు చెందిన రిపబ్లికన్ పార్టీ ప్రధాన నినాదం కాబట్టి, ఆ తీర్పు ప్రకారం ఆ పార్టీ కార్యక్రమమే రాజ్యాంగ విరుద్ధమయింది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. విస్తరణ ఆగినంత మాత్రాన ఉన్న బానిసలు చేజారిపోరు కదా, అంత భయం దేనికి?

సమాధానం

చేజారిపోతారనే వారు నమ్మారు. 1860 జనాభా లెక్కల ప్రకారం బానిసలు దాదాపు 40 లక్షల మంది. దేశ ఎగుమతుల విలువలో సగానికి పైగా పత్తిదే. వర్జీనియా వంటి పాత రాష్ట్రాల యజమానులకు మనుషులను దిగువనున్న పత్తి ప్రాంతాలకు అమ్ముకోవడమే పెద్ద ఆదాయం కాబట్టి, కొత్త నేలలు మూసుకుపోతే ఆ ధర పడిపోతుందన్న లెక్క ఉండేది. దానికి తోడు 1859 అక్టోబరులో బానిసత్వ వ్యతిరేకి జాన్ బ్రౌన్ వర్జీనియాలోని హార్పర్స్ ఫెర్రీ ఆయుధాగారంపై దాడి చేయడం తిరుగుబాటు భయాన్ని పెంచింది. ఆ మరుసటి ఏడాది, దక్షిణాదిలో చాలా రాష్ట్రాల బ్యాలెట్లలో పేరైనా లేని లింకన్ సుమారు 40 శాతం ఓట్లతో గెలిచారు. తమ మద్దతు లేకుండానే అధ్యక్షుడు రాగలడని తేలిపోయాక, ఆయన ఇచ్చే హామీకి విలువేముంటుంది? ఆయన 1861 మార్చి 4న ప్రమాణం చేసేనాటికే ఏడు రాష్ట్రాలు విడిపోయాయి. అదే నెలలో, విడిపోయిన రాష్ట్రాలు ఏర్పాటు చేసుకున్న దక్షిణాది సమాఖ్య ఉపాధ్యక్షుడు అలెగ్జాండర్ స్టీఫెన్స్ సవన్నాలో మాట్లాడుతూ, నల్లవారు తెల్లవారితో సమానులు కారన్న భావనే తమ ప్రభుత్వానికి మూలరాయి అని దాపరికం లేకుండా చెప్పారు.

ఒక జాగ్రత్త మాత్రం పాటించండి. దక్షిణాది ఎందుకు విడిపోయిందన్నది ఒక ప్రశ్న, ఉత్తరాది ఎందుకు పోరాడిందన్నది వేరొక ప్రశ్న. మొదటిదానికి జవాబు బానిసత్వం. రెండోదానికి, కనీసం 1861లో, దేశ సమైక్యతే జవాబు. బానిసత్వం ఉన్న మిస్సోరీ, కెంటకీ, మేరీలాండ్, డెలావేర్ విడిపోకుండా అమెరికాలోనే మిగిలిపోయాయి కూడా. పుస్తకాల మధ్య మీకు కనిపించిన వైరుధ్యంలో కొంత ఈ రెండు ప్రశ్నలను కలిపేయడం వల్ల వచ్చినదే.