సంగీతకారుల కాగితాలు, కేసెట్లు కాలేజీ ఆర్కైవ్‌కి వచ్చాయి: ఎక్కడ మొదలుపెట్టాలి?

లైబ్రరీ_డెస్క్:
స్థానిక సంగీతకారుల ఇళ్ల నుంచి మా కాలేజీకి స్వరాల నోటుపుస్తకాలు, కచేరీ కరపత్రాలు, ఉత్తరాలు, ఫొటోలు, పేపర్ కటింగులు, కొన్ని పెట్టెల కేసెట్లు వచ్చాయి. కొన్నిటికి బూజు పట్టింది, కొన్నిటి అంచులు పురుగు తినేసింది. చిరిగినవి లామినేట్ చేయించి, అన్నీ తేదీల వారీగా సర్ది, స్కాన్ చేయాలని కమిటీ ఆలోచన. సరైన పద్ధతేనా?

కాగితం_పని:
లామినేషన్ వద్దేవద్దు. వేడికి ప్లాస్టిక్ కాగితానికి అతుక్కుపోతుంది, మళ్లీ విడదీయలేరు. సెలోటేపు జిగురు కూడా కొన్నేళ్లకు పసుపెక్కి కాగితంలోకి ఇంకుతుంది.

ముందు బూజు పెట్టెల్ని వేరే గదికి మార్చండి. గాలిలో తేమ 60 శాతం దాటితే బూజు మళ్లీ లేస్తుంది. నీడలో ఆరబెట్టండి, ఫ్యాను గాలి నేరుగా తగలనివ్వకండి. పూర్తిగా ఆరాకే మెత్తని బ్రష్‌తో హెపా ఫిల్టరు (సన్నటి ధూళిని కూడా పట్టే వడపోత) ఉన్న వాక్యూమ్ వైపు దులపాలి. తడిమీద రుద్దితే మరక కాగితంలోకి దిగిపోతుంది. ఎన్95 మాస్కు, గ్లవ్స్ లేకుండా ముట్టుకోవద్దు.

పురుగున్న కాగితాల్ని పాలిథీన్ సంచిలో గాలి తీసి సీల్ చేసి, మైనస్ 20 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక 24 గంటలు సంచి విప్పకూడదు, విప్పితే చల్లటి కాగితం మీద నీరు పడుతుంది. ఫొటోలు, కేసెట్లు ఫ్రీజర్‌లో పెట్టకండి.

తుప్పు పట్టిన స్టేపిల్ పిన్నుల్ని రిమూవర్‌తో లాగితే కాగితం చిరుగుతుంది. వెనకవైపు పిన్ను కాళ్ల కింద పల్చటి పాలియెస్టర్ ఫిల్మ్ ముక్క దూర్చి, ఒక్కో కాలూ నిలబెట్టి, ముందువైపు నుంచి ఎత్తండి.

కేటలాగు:
తేదీల వారీ సర్దుడు ఆపండి. కరపత్రం వెనక పెన్సిల్‌తో ఆ రోజు పాడిన పాటల వరుస రాసి ఉండొచ్చు. అది ఏ నోటుపుస్తకంలో, ఏ పేజీలో దొరికిందో తెలిస్తేనే ఆ వరుసకీ ఆ పేజీలోని కృతికీ ఉన్న లంకె తెలుస్తుంది. పెట్టె తెరవగానే ఉన్నది ఉన్నట్టు ఫొటో తీయండి, వచ్చిన క్రమంలోనే ఉంచండి. తేదీల పట్టిక కంప్యూటర్‌లో ఎప్పుడైనా తయారవుతుంది.

కొట్టివేతలు, మార్జిన్‌లో దిద్దిన గమకం, పేజీ మీద అంటించిన చీటీ, ఇవే ఆ పుస్తకం ప్రాణం. ఏదీ చెరపకండి. ఊడిన చీటీని చిన్న కవరులో పెట్టి అదే పేజీలో ఉంచండి. నంబర్లు పెన్సిల్‌తోనే వేయాలి, పెన్నుతో వద్దు.

ఆమ్లరహిత ఫోల్డర్లు వాడండి, ఒక్కోదానిలో సెంటీమీటరు మందం మించనివ్వకండి. పేపర్ కటింగులు పక్క కాగితాన్ని గోధుమరంగుకు తిప్పుతాయి కాబట్టి ఆమ్లరహిత కాగితం మీద జిరాక్స్ తీసి, అసలువి విడిగా పెట్టండి.

ఇంకో ముఖ్యమైన మాట: కాగితాలు ఇచ్చినంత మాత్రాన రచన మీద హక్కులు రావు. ఉత్తరాల హక్కులు రాసినవాళ్లవి, అందుకున్నవాళ్లవి కావు. అప్పగింత పత్రంలోనే చూపడానికి, నకలు ఇవ్వడానికి, ఆన్‌లైన్‌లో పెట్టడానికి విడివిడిగా అనుమతి రాయించుకోండి.

టేప్_డెక్:
కేసెట్లను కాగితాల కంటే ముందు డిజిటైజ్ చేయండి. టేపు పాడైతే మిగిలేదేమీ ఉండదు, పైగా మంచి డెక్‌లు (కేసెట్ ప్లేయర్లు) దొరకడం కష్టమవుతోంది. ముందుగా, పొరపాటున కొత్త రికార్డింగ్ పడకుండా కేసెట్ వెనక అంచున ఉన్న చిన్న ప్లాస్టిక్ ట్యాబులు విరిచేయండి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో డెక్‌లో టేపును చదివే హెడ్ తుడిచి, ప్రతి కేసెట్‌కీ అజిమత్ స్క్రూ (హెడ్ వంపును సరిచేసే స్క్రూ) తిప్పుతూ శబ్దం ఎక్కడ స్పష్టంగా వస్తుందో అక్కడ ఆపండి. ఇది వదిలేస్తే తాళాల మోత, తంబురా జీవం మసకబారిపోతాయి.

96 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా రికార్డు చేయండి. గంట స్టీరియోకి సుమారు 2 జీబీ అవుతుంది. మాస్టర్ ఫైలు మీద నాయిస్ తగ్గించే పని పెట్టుకోవద్దు. మూడు కాపీలు ఉంచి, ఒకటి వేరే భవనంలో పెట్టండి.

లైబ్రరీ_డెస్క్:
కొన్ని కేసెట్లలో ధ్వని బాగా తగ్గి, మొద్దుగా వినిపిస్తోంది. టేపు పోయినట్టేనా?

టేప్_డెక్:
అప్పుడే అనుకోకండి. లోపల టేపును హెడ్‌కి నొక్కి పట్టే చిన్న ప్యాడ్ ఊడిపోయి ఉండొచ్చు, కేసెట్ కింది అంచున చూస్తే తెలుస్తుంది. స్క్రూలున్న ఖాళీ కేసెట్ విప్పి, రీళ్లను ముడత పడకుండా అందులోకి మార్చండి. పాత కేసెట్ మీది చేతిరాత లేబుల్ పారేయకండి, ఫొటో తీసి ఆ నంబరుతోనే భద్రపరచండి.