ఇంగ్లండ్ నుంచి ఫ్రెంచ్ ఆల్ప్స్‌కు కారులో: రాత్రి ఎక్కడ ఆగాలి, మంచు గొలుసులు సరిపోతాయా?

నమస్కారమండీ. ఫిబ్రవరి సెలవుల్లో ఇద్దరు చిన్నపిల్లలు, మా అత్తగారితో కలిసి రెడింగ్ నుంచి మోర్జిన్‌కు మొదటిసారి స్కీయింగ్ కోసం కారులో వెళ్తున్నాము. ఫోక్‌స్టన్‌లో కారుతో సహా రైలెక్కితే 35 నిమిషాల్లో సముద్రం కింది సొరంగం దాటి ఫ్రాన్స్‌లోని కాలే పట్టణం చేరుతాము కానీ, ఆ తరువాత ఉన్న సుమారు 850 కిలోమీటర్ల దారిని, రోడ్డుకు కుడివైపున నడపడం అలవాటు లేని నేను ఒక్కరోజులో ముగించదలచుకోలేదు. రాత్రి బసకు రీమ్స్ మేలా, ఇంకా ముందుకు సాగి డిజాన్‌లో ఆగడం మేలా?

అంతకన్నా పెద్ద సందేహం, మంచులో జారకుండా చక్రాలకు తొడిగే గొలుసులది. అక్కడి కొండ ప్రాంతాల్లో నవంబరు 1 నుంచి మార్చి 31 వరకు శీతాకాలపు టైర్లయినా, మంచు గొలుసులైనా ఉండాలి. గొలుసులు కొని నిన్న ఇంటి ముందు తొడిగి చూస్తే, చక్రం వెనక కొక్కెం చేతికందక, చలికి వేళ్లు కొంకర్లు పోయి, ఒక్క చక్రానికే అరగంట పట్టింది. చీకట్లో, ఘాట్ రోడ్డు మీద, పిల్లలు ఏడుస్తుండగా ఆ పని చేయగలనా అని భయంగా ఉంది. ఈ దారిన వెళ్లివచ్చినవారు గొలుసులతో సరిపెట్టుకున్నారా, టైర్లే మార్పించుకున్నారా? దయచేసి తెలియజేయగలరు.