నాన్న రికార్డు చేసిన పర్ధాన్ కథల క్యాసెట్లు, యూట్యూబ్‌లో పెట్టేయొచ్చా?

ఉట్నూరు_పోరడు:
జై సేవా అందరికీ. మాది ఉట్నూరు దగ్గర గోండు గూడెం. మా నాన్న టీచర్‌గా ఉన్నప్పుడు, 1980ల చివర్లో, మా గోండుల కథలు పాడే పర్ధాన్ కాకా కిక్రి (తీగల వాయిద్యం) వాయిస్తూ చెప్పిన కథల్ని పదకొండు క్యాసెట్లలో రికార్డు చేశాడు. కాకా పోయి పన్నెండేళ్లయింది, ఆయన కొడుకులకు కథలు సగమే వచ్చు. మొన్న బీరువా సర్దుతుంటే అవి దొరికాయి, రెండింటికి బూజు. ఒకదాన్ని ఇంట్లో పాత టేప్‌రికార్డర్‌లో వేస్తే రెండు నిమిషాలు బాగానే పాడి టేపు నమిలేసింది. అప్పటి నుంచి టెన్షన్‌తో ముట్టుకోలేదు. ఫ్రెండ్సేమో యూట్యూబ్‌లో పెట్టేయ్, ఎప్పటికీ ఉంటాయి అంటున్నారు. ఏం చేయాలి?

పాతటేపు:
తమ్ముడూ, ఆ మెషిన్‌లో ఇంకోటి వేయకు. బూజు పట్టినవి విడిగా కవర్లో పెట్టు, ఒకసారి హెడ్‌కి అంటిందంటే మిగతా వాటికీ పాకుతుంది. క్యాసెట్ వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ పలకలుంటాయి చూడు, అవి విరిచేస్తే పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాటల మీద ఏమీ ఎక్కదు. తెగిన టేపుని మామూలు సెల్లోటేప్‌తో అతికించకు, జిగురు కారి పక్క చుట్టలకూ అంటుకుంటుంది. మంచి డెక్ నా దగ్గరుంది, హైదరాబాద్ తెస్తే కంప్యూటర్‌లోకి ఎక్కించి పెడతా. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలు తీస్తే గంట క్యాసెట్ దాదాపు 1 జీబీ అవుతుంది, అదే అసలు కాపీ. ఎంపీ3 వాట్సాప్‌లో పంపుకోవడానికే. మూడు కాపీలు పెట్టు, ఒకటి వేరే ఊళ్లో. ఎక్కించాక కూడా క్యాసెట్లు పారేయకు.

యూట్యూబ్‌లో పెడితే దాచినట్టు లెక్క కాదు, అకౌంట్ పోతే అన్నీ పోతాయి.

సీతాకోక:
అంతకంటే ముందు కాకా కొడుకుల్ని అడిగారా? మీ నాన్న క్యాసెట్లైనా కథలు ఆ ఇంటివి కదా. ఆస్ట్రేలియాలో వారుముంగు ప్రజలకు ఇదే తలనొప్పి వచ్చింది. బయటివాళ్లు ఎప్పుడో తీసిన ఫొటోలు తిరిగొచ్చాయి గానీ వాటిలో కొన్ని అందరూ చూడకూడనివి. కిమ్ క్రిస్టెన్ అనే పరిశోధకురాలితో కలిసి ముకుర్తు అనే సాఫ్ట్‌వేర్ చేయించుకున్నారు, ఏది ఎవరు చూడాలో వాళ్లే పెట్టుకుంటారు. వాళ్ల భాషలో ముకుర్తు అంటే పవిత్ర వస్తువులు దాచుకునే సంచి. ఉచితంగానే దొరుకుతుంది.

ఉట్నూరు_పోరడు:
అక్కా, నాకిది తట్టనే లేదు. మా పెద్ద దేవుడు పెర్సాపేన్ పూజలో తప్ప పాడని ముక్క ఒకటుంది, అది ఏ క్యాసెట్లో ఉందో కూడా తెలీదు. పోయిన దండారి పండక్కి ఎవరో వచ్చి, నెమలీకల టోపీలతో ఆడే మా గుస్సాడీల వీడియో తీసి, ఊరి పేరు తప్పు రాసి, కోయ డాన్స్ అని పెట్టారు. దాని మీద యాడ్స్ కూడా!

గుంజాల_దారి:
అందుకే ప్రతి ఫైలు పక్కన పాడింది ఎవరు, ఎక్కడ, ఏ పండగకు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు దేవుళ్ల సగాల్లో (గోత్రాల గుంపుల్లో) ఎవరి కథ అన్నది రాసి పెట్టండి. పెద్దవాళ్లు ఉండగానే, వింటూ రాయాలి. గోండిలోనే రాయండి. నార్నూరు మండలం గుంజాలలో జయధీర్ తిరుమలరావు బృందానికి రాతప్రతులు దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది, నోటో ఫాంట్ ఉచితం. చదివేవాళ్లు తక్కువే, కాబట్టి తెలుగులో కూడా ఒక వరస రాస్తే మంచిది. మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1940ల్లో మన వైపు తీసిన ఫొటోలు లండన్ సోయాస్ యూనివర్సిటీలో ఉన్నాయి, చాలావరకు ఆన్‌లైన్‌లో చూడొచ్చు. మీ కాకా వాళ్ల పెద్దలు ఎవరైనా కనిపిస్తారేమో వెతకండి.

ఉట్నూరు_పోరడు:
ఆదివారం కాకా పెద్దకొడుకు దగ్గరికి పోతున్నా, మా పూజారి కటోడాని కూడా రమ్మన్నా. వాళ్లు సరేనంటే ఎక్కిద్దాం, పూజ ముక్క మాత్రం వాళ్ల ఇంట్లోనే ఉంటుంది. పాతటేపు అన్నా, క్యాసెట్లు కొరియర్‌కి ఇవ్వను, బస్సులో ఒళ్లో పెట్టుకుని నేనే తెస్తా. ఆ నమిలేసిన దాన్ని కూడా.